మరేవే చేమగుంట గుట్టు

ప్రపంచాన్ని కాపాడటానికి నడిసముద్రంలో దీవి మీదున్న మా బారెబూకా ఊరికి నిరుటిదాకా ఏడుసార్లు మనుషులు వచ్చారు. ఏడుసార్లూ కోడికూర వండించారు, టీషర్టులు పంచారు, నవ్వమని చెప్పి ఫోటోలు తీసుకున్నారు. సముద్రం మాత్రం ఆ కూర తినలేదు, ఆ టీషర్టు వేసుకోలేదు. తన పని తను చేసుకుంటూ పోయింది.

మొదట వచ్చినవాళ్ళు ఒడ్డున మడమొక్కలు నాటించారు. పాట పాడుతూ నాటాం. వారం తిరక్కుండా ఊరి పందులు ఏ పాటా లేకుండా పీకేశాయి. రెండోసారి వచ్చినవాళ్ళు బియ్యం సంచుల్లో ఇసుకా సిమెంటూ నింపించి గోడ కట్టించారు. సముద్రం ఆ గోడని మర్యాదగా ముట్టుకోకుండా పక్కనుంచి వచ్చి, వెనకున్న నేలని పట్టుకుపోయింది. గోడ ఇప్పటికీ ఉంది, నీళ్ళ మధ్యలో. మూడోసారి వచ్చినవాళ్ళు ఇంటికో సోలార్ దీపం ఇచ్చారు. ఇవన్నీ రాసి పెట్టింది నేనే. జర్మనీవాళ్ళ ఓడల్లో పదకొండేళ్ళు డెక్కు కడిగి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్న పాపానికి నన్ను ఊరి వాతావరణ కమిటీకి కార్యదర్శిని చేశారు. నా పేరు కౌటు. నా గురించి ఇంతకు మించి చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. చెప్పాల్సింది మా పెద్దమ్మ మరేవే గురించి, ఊరివాళ్ళు గౌరవంగా పిలిచేట్టు నెయి మరేవే గురించి.

ఆవిడ మా పెదనాన్న ఇయోతెబా భార్య. అరవై ఎనిమిదేళ్ళు. మనిషి పొట్టి, నోరు పొడుగు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టె మా పెద్దమ్మే. సొంత పిల్లలు లేరు. తమ్ముడి కూతుర్ని తెచ్చి పెంచుకుంది, ఆ పిల్ల పెళ్ళి చేసుకుని పక్క దీవికి పోయింది. ఆవిడ చేత్తో మొగలి చాప అల్లితే దాని మీద పడుకున్నవాడు పొద్దెక్కినా లేవడు. ఆవిడ నోట్లో పడ్డవాడు మాత్రం నెలరోజులు నిద్రపోడు.

మా దగ్గర బుబుసి అని ఒకటుంది. నీ చుట్టం నీ ముందుకొచ్చి, కింద కూర్చుని, తల వంచుకుని, "నీ సైకిల్ మీద నా బుబుసి" అన్నాడనుకో, సైకిల్ ఇచ్చెయ్యాల్సిందే. కాదంటే నీ పరువు గంగలో కలుస్తుంది, నీ పిల్లల పరువు కూడా. ఇంత చిన్న దీవిలో చుట్టం కానివాడెవడు? అందుకని మా ఊళ్ళో వస్తువులు ఒక ఇంట్లో కుదురుగా ఉండవు, తిరుగుతుంటాయి. పెద్దమ్మకిచ్చిన సోలార్ దీపాన్ని మర్నాడే ఊరిపెద్ద బకోవా కోడలు బుబుసి చేసింది. ఆమెను పాస్టరు బుబుసి చేశాడు. పాస్టరును ఆయన బావమరిది చేశాడు. ఆ బావమరిది ఉండేది ఇంకో దీవిలో. ఏడాది తరవాత దీపాలు లెక్క చూసుకోవడానికి ఒక ఆఫీసరు వచ్చాడు.

"దీపం ఏదమ్మా?" అన్నాడు.

"ఇచ్చా."

"ఎందుకిచ్చారు?"

"అడిగారు."

"అడిగితే ఇచ్చేస్తారా?"

"నువ్వు అడక్కుండానే ఇచ్చావుగా, నేను అడిగితే ఇచ్చా. మనిద్దర్లో ఎవరు నయం?" అంది పెద్దమ్మ. ఆఫీసరు తన కాగితంలో "దుర్వినియోగం" అని రాసుకున్నాడు. పక్కనుండి ఆ మాట నేను చదివాను. ఆవిడకు మాత్రం చెప్పలేదు, నాకూ ప్రాణం మీద తీపి ఉంది.

అలా ఆవిడ కుట్టుమిషను పోయింది, సైకిలు పోయింది, పెదనాన్న ఓడ ఉద్యోగంలో ఉండగా తెచ్చిన రేడియో పోయింది. "పట్టుకుపో, పట్టుకుపోయి నీ సమాధి మీద పెట్టుకో" అంటూనే ఇచ్చేది. కానీ తను మాత్రం ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు. సూది విరిగితే చేపముల్లుతో కుట్టుకుందే గాని పక్కింటి గడప తొక్కలేదు. "పెట్టే చెయ్యి పైన ఉంటుందిరా, అడిగే చెయ్యి కింద ఉంటుంది. నా భుజానికి వాతం, కిందికి దిగదు" అనేది.

ఇక చేమగుంట సంగతి. మాకు బియ్యం ఓడలోంచి వస్తుంది, చేప సముద్రంలోంచి వస్తుంది, పరువు మాత్రం చేమగుంటలోంచి వస్తుంది. మనిషి లోతున తవ్వితే ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొర తగులుతుంది. ఆ బురదలో గుంటచేమ పెంచుతాం. ఒక్కో మొక్క చుట్టూ అడుగు లేని మొగలాకు బుట్ట కట్టి, అందులో ఎరువు కూరతాం. ఒక్కో దుంప పదేళ్ళు, పదిహేనేళ్ళు ఊరుతుంది. పెళ్ళికో, పిల్ల పుట్టినందుకో దాన్ని ఇద్దరు మోసుకొచ్చి మనెయాబాలో, అంటే ఊరంతా కూర్చునే ఆ పెద్ద కప్పు కింద, అందరి ముందూ దించాలి. మీ ఇంటి దుంప పిడికెడంత ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడమే నలభై ఏళ్ళు గుర్తుంటుంది.

ఆ బుట్టలో ఏ ఆకు వెయ్యాలి, ఏ మట్టి వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి అన్నది ఏ ఇంటి గుట్టు ఆ ఇంటిది. ఒక వయసొచ్చాక పిల్లనో పిల్లాణ్నో గుంటలోకి దించి, చెవిలో చెప్పి, ప్రాణం పోయినా బయట పెట్టనని ప్రమాణం చేయిస్తారు. పెళ్ళాంగా వచ్చినదానికి చెప్పరు, మొగుడిగా వచ్చినవాడికి చెప్పరు. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పాలి. అది తప్పు కాదు, పద్ధతి. అడిగినవాడికి కూడా అది అబద్ధమని తెలుసు గనక తల ఊపి వెళ్ళిపోతాడు. మిగతా విషయాల్లో మా ఊళ్ళో ఒక్కడి నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ఒక్క విషయంలో మాత్రం అందరి నోళ్ళకూ తాళాలే.

పెద్దమ్మకు వాళ్ళమ్మ తొమ్మిదో ఏట చెప్పింది. పెళ్ళయ్యాక పుట్టింటి గుంట ఆవిడకే వచ్చింది. అప్పట్నుంచీ ఆ గుంటలోకి దిగింది ఆవిడ ఒక్కతే. చుట్టూ మనిషెత్తున మొగలిపొదలు, వాటి మధ్య పాత చాపలతో దడి. పెదనాన్న సెలవుల్లో ఓడ దిగి వచ్చినా, ముసలితనంలో ఇంట్లో కూర్చున్నా, ఆయన చోటు గట్టు మీదే. వీపు గుంట వైపు పెట్టి కూర్చునేవాడు. ఆవిడ కింద నుంచి ఏదైనా అడిగితే వెనక్కి చూడకుండా చెయ్యి వెనక్కి పెట్టి అందించేవాడు. మేం పిల్లలం అది చూసి చచ్చేట్టు నవ్వేవాళ్ళం.

మూడేళ్ళ కిందట పెద్దపోటు వచ్చింది. పోట్లు మాకు కొత్త కాదు, ఈ పోటు కొత్త. సముద్రం ఊరి ఈ పక్క నుంచి ఆ పక్కకి నడిచి, దారిలో ప్రతి గుంటలోకీ తొంగి చూసి పోయింది. నెల తిరిగేసరికి గుంటల్లో ఆకులన్నీ పసుపెక్కి వాలిపోయాయి. బకోవా తన మనవరాలి పెళ్ళికని పన్నెండేళ్ళుగా పెంచుతున్న దుంప చేతితో నొక్కితే గుజ్జయింది. మా ఇంటివి ఇరవై ఆరు మొక్కలు పోయాయి. ఊళ్ళో బతికింది పెద్దమ్మ గుంట ఒక్కటే. నలభై మొక్కలు, ఒక్కో ఆకు పడవ తెరచాపంత.

అంతే, ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. వాళ్ళమ్మ మంత్రగత్తె అన్నారు. పాతకాలపు నల్లమట్టి ఏదో దాచిందన్నారు. ఎంత అసూయ ఉన్నా ఎవరూ వెళ్ళి అడగలేదు. అడిగితే ఏం వస్తుంది, అబద్ధమేగా.

అడగడానికి బ్రిస్బేన్ నుంచి బ్రిజెట్ వచ్చింది, ఏడోసారి ప్రపంచాన్ని కాపాడటానికి.

బ్రిజెట్ మంచి పిల్ల. ఎండకి ముక్కు కమిలిపోయినా నవ్వు మానదు. మా పద్ధతుల్ని గౌరవిస్తానని మాటమాటకీ చెబుతుంది. అందుకే కొంచెం భయం వేసింది. మనెయాబాలో బ్యానరు కట్టించింది, మా జ్ఞానాన్ని మేమే పంచుకోవాలంది. పెద్దమ్మను ముందు వరసకి పిలిపించింది. మా మనెయాబాలో ముందు వరస ముసలాళ్ళది, ఆడవాళ్ళు వాళ్ళ వెనక. పెద్దమ్మ వచ్చి బకోవా పక్కన కూర్చుంటే ఆయన జెల్లచేప ముల్లు గుచ్చుకున్నట్టు పక్కకి జరిగాడు.

"మీ గుంట ఎలా బతికిందో అందరితో పంచుకుంటారా?" అంది బ్రిజెట్. నేను మా మాటలో చెప్పాను.

పెద్దమ్మ నావైపు చూసింది. "ఇదేంట్రా కౌటూ, ఇంతమంది ముందా? ఈ పిల్లకి తల్లి లేదా, బుద్ధి చెప్పడానికి?"

"ఏదో ఒకటి చెప్పు పెద్దమ్మా, రాసుకుని పోతుంది."

"సరే అయితే, రాసుకోమను." గొంతు సవరించుకుంది. "అమావాస్య ముందు రోజు పీత డొప్పల్ని పాత రబ్బరు చెప్పులతో కలిపి కాల్చాలి. ఆ బూడిద పడమటి మూల చల్లాలి. మూత తియ్యని ట్యూనా డబ్బాలు ఏడు, బోర్లించి పాతాలి. నీళ్ళు పోస్తున్నంతసేపూ మొగుణ్ని తిట్టాలి. తిట్టు ఎంత ఘాటుగా ఉంటే దుంప అంత లావు."

బ్రిజెట్ రాసుకుంది. రాసుకుని తలెత్తి, "మరి మొగుడు పోయినవాళ్ళు?" అంది, చాలా శ్రద్ధగా.

"పక్కింటి మొగుణ్ని తిట్టుకోవచ్చు. పద్ధతిలో అభ్యంతరం లేదు."

నేను పెదవి కొరుక్కుంటూ చెప్పాను. ఒక్కడు నవ్వితే ఒట్టు. బకోవా మహా గంభీరంగా తలాడించి, "మా ఇంట్లో ఎనిమిది డబ్బాలు వేస్తాం" అన్నాడు. అదీ పద్ధతే మరి.

నెల తరవాత ప్లాస్టిక్ అంటించిన రంగుల బోర్డు ఓడలో దిగింది. దాని మీద పెద్దమ్మ ఫోటో, కింద ఏడు డబ్బాల బొమ్మ, మొగుణ్ని తిడుతున్న ఆడమనిషి బొమ్మ. బడి పక్కన నమూనా గుంట కూడా తవ్వించారు, అచ్చం ఆ పద్ధతి ప్రకారమే. ట్యూనా డబ్బాలు రెండో రోజుకి మాయమయ్యాయి. మొక్కలు మూడో వారానికి పోయాయి. ఇంకో దీవిలో కూడా ఆ బోర్డు పెట్టారట, అక్కడివాళ్ళు కబురు పంపారు: "మీ మరేవేకి మా దండాలు. మా ఆడవాళ్ళు తిట్లు బాగా నేర్చుకున్నారు."

ఇంత నవ్వులోనూ నాకొక్కటే గుబులు. మా పెదనాన్న నిరుడు పోయాడు. పెద్దమ్మకు కుడి మోకాలు వాచి కర్ర పట్టుకుని నడుస్తోంది. ఊరి మొత్తానికి విత్తనం అనేది ఆ నలభై మొక్కల్లోనే ఉంది. అవి పోతే మా పిల్లల పెళ్ళిళ్ళలో మనెయాబాలో దించడానికి బియ్యం బస్తా తప్ప ఏమీ ఉండదు. ఆ మాట ఒకసారి ఆవిడతో అన్నాను. "నా గుంట గురించి నువ్వేడవకు, నీ గుంటలో కప్పలు కూడా లేవు" అంది.

ఈ ఫిబ్రవరిలో బ్రిజెట్ మళ్ళీ వచ్చింది, ఎనిమిదోసారి ప్రపంచాన్ని కాపాడటానికి. ఈసారి విషయం పెద్దపోటు వస్తే ఏం చెయ్యాలి అన్నది. సభ మొదలయ్యే రోజు తెల్లవారుజామునే పెద్దపోటు వచ్చింది. సముద్రానికి ఆహ్వానం ఎవరు పంపారో తెలియదు. నీళ్ళు గుమ్మాల దాకా వచ్చి, గుంటలు నింపి, ఎనిమిదింటికి వెనక్కి పోయాయి. తొమ్మిదింటికి మేమంతా మనెయాబాలో హాజరుపట్టీలో సంతకాలు పెడుతున్నాం. కోళ్ళు అప్పటికే కోసేశారు మరి.

"పోటు వచ్చినప్పుడు మొదట మీరేం చేస్తారు?" అని బ్రిజెట్ అట్టల మీద రాయిస్తోంది. గుంపులుగా విడదీసింది, గుంపుకో రంగు పెన్ను. మా గుంపులో బకోవా పసుపుపచ్చ పెన్నుతో "ప్రార్థన" అని రాశాడు.

పదిన్నరకు పెద్దమ్మ వచ్చింది. కర్ర లేదు. నడుం దాకా నల్లటి బురద, జుట్టులో బురద, చేతుల తోలు ఊడి నెత్తురు. మా మనెయాబాలోకి ఎవరూ నిటారుగా నడిచి రారు, వంగి రావాలి. ఆవిడ వంగలేకో, వంగకూడదనుకునో అలాగే నడిచొచ్చి నడిమధ్య నిలబడింది. తరవాత మోకాలు పట్టుకుని, మూలుగుతూ, కిందికి కూర్చుంది. తల వంచింది.

ఆ కూర్చోవడం ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు, బ్రిజెట్‌కి తప్ప.

"నా బుబుసి," అంది పెద్దమ్మ. "మీ చేతుల మీద నా బుబుసి. మీ బకెట్ల మీద, మీ పారల మీద. గుంట నిండా ఉప్పునీళ్ళు. పోటు తీసినప్పట్నుంచి తోడుతున్నా, వేలెడు తగ్గింది. సాయంత్రం పోటు మళ్ళీ వస్తుంది."

ఎవరూ కదల్లేదు. ఆవిడ తలెత్తకుండానే అంది: "మూడేళ్ళ కింద మీరంతా ఇక్కడ నష్టం అంచనా వేస్తూ కోడి తింటున్నప్పుడు నేనూ ఆయనా మూడు పగళ్ళు తోడాం. నేను కింద, ఆయన గట్టు మీద. ఉప్పు దిగకముందే తోడేశాం. గుంట బతికింది అందుకు. మంత్రం లేదు, మా అమ్మ మంత్రగత్తె కాదు. ఇప్పుడాయన లేడు. చాలా? ఇంకా ఏం చెప్పమంటారు, అడుక్కునేదాన్ని?"

ఆ మూడు రోజుల హాజరుపట్టీలో ఆవిడ పేరు పక్కన "సహకరించలేదు" అని రాసింది నేనే.

బకోవా పసుపుపచ్చ పెన్ను మూత పెట్టాడు. లేచాడు. "బుబుసి అయ్యాక కూర్చున్నవాడు మనిషా?" అన్నాడు, ఎవర్నో తిడుతున్నట్టు. ఆ వెనకే మొత్తం సభ లేచింది. వంటవాళ్ళు గరిటెలు పడేసి కూర కుండలు ఖాళీ చేసి కుండలతో సహా వచ్చారు. కూర ఎక్కడ ఖాళీ చేశారో కుక్కలకు తెలుసు.

"ఏమైంది? ఎక్కడికి వెళుతున్నారు? ఇంకా రెండో భాగం ఉంది!" బ్రిజెట్ నా చొక్కా పట్టుకుంది.

"పోటు వచ్చినప్పుడు మొదట ఏం చెయ్యాలో కనుక్కున్నామమ్మా, చేసొస్తాం," అన్నాను. పాపం, ఆ పిల్ల కూడా చెప్పులు విడిచి మా వెంట పరిగెత్తింది. ఒక బేసిన్ దొరకబుచ్చుకుంది కూడా. ఆ సంగతి ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి.

దడి తీసేశారు. పెద్దమ్మ చూస్తుండగానే తీశారు. యాభై మంది గుంటలోకి దిగారు, మిగతావాళ్ళు సముద్రం దాకా వరసగా నిలబడి బకెట్లు అందించారు. గట్టు మీద బియ్యం సంచుల్లో ఇసుక నింపి పేర్చారు. మూడింటికి బురద కనిపించింది, బుట్టల మొదళ్ళు కనిపించాయి. నీటి తోపుకి కొన్ని బుట్టలు విచ్చుకుపోయి లోపలున్నది బయటపడింది. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

నేను చూశాను. ఏముందో మీకు చెప్పను, ప్రమాణం చేశాను. ప్రమాణం పెద్దమ్మకి కాదు, మా తాతకి. పదో ఏట మా గుంటలో నిలబెట్టి మా తాత నా చెవిలో చెప్పిన ఆకే ఆ ఆకు. అదే మట్టి, తుప్పుపట్టిన ఇనప ముక్కలు కూడా అవే, ఒకదాని మీద ఒకటి వేసే వరస కూడా అదే. పక్కకి చూస్తే పాస్టరు ఆ బుట్టవైపే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ పక్కన బకోవా కోడలు. ఆ పక్కన బకోవా. అందరి మొహాలూ తేలు కుట్టిన దొంగల మొహాలే. "అరె, ఇది మాదే!" అని ఒక్కడు అంటే చాలు, వాడింటి గుట్టు బయటపడుతుంది. అందుకని ఎవడూ అనలేదు. తాతల కాలం నుంచి ఊరు ఊరంతా ఒకే గుట్టుని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుంటూ వచ్చాం. ఇంత తెలివైన జనాన్ని కాపాడటానికి ఎనిమిదిసార్లు రావడం తక్కువే.

బకోవా గట్టెక్కి పెద్దమ్మ ముందు నిలబడి కళ్ళు నులుముకున్నాడు. "నెయి మరేవే, నాకు కంటిలో పొర వచ్చింది. లోపల నాకేమీ కనపళ్ళా," అన్నాడు.

"నాకూ ఎండ కొట్టింది, ఏమీ చూళ్ళేదు," అన్నాడు పాస్టరు.

అలా యాభై మందీ ఆ పూట గుడ్డివాళ్ళయ్యారు. విచ్చుకున్న బుట్టల్ని బురదతో కప్పి పైకొచ్చారు. సాయంత్రం పోటు వచ్చింది, సంచుల దాకా వచ్చి ఆగింది. ఆ రోజు సభ నివేదికలో బ్రిజెట్ "ప్రజల భాగస్వామ్యం" అన్న గడి ఎలా నింపాలో తెలియక ఖాళీగా వదిలేసింది, మధ్యాహ్నం తరవాత మనెయాబాలో ఎవరూ లేరు కదా.

మూడు వారాలకు లెక్క తేలింది. నలభైలో ఏడు పోయాయి. ముప్పై మూడు నిలబడ్డాయి, కొత్త ఆకులు చుట్టలు విప్పుతున్నాయి. ఆ పొద్దున నేను ఇసుక సంచులు సర్దడానికి వెళితే పెద్దమ్మ గట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉంది. దడి మళ్ళీ కట్టలేదు.

"కౌటూ, ఇలా కూర్చో," అంది. కూర్చున్నాను.

"ఆ రోజు మీ మొహాలు చూశాన్రా. చేతులు అడ్డం పెట్టుకున్నా, వేళ్ళ సందుల్లోంచి చూశా. నేనేం వెర్రిదాన్ని కాదు."

"నాకేం కనపళ్ళేదు పెద్దమ్మా, ఎండ."

"నీ ఎండ తగలెయ్య." నా వైపు తిరిగింది. "నువ్వు మీ పెదనాన్న రక్తం. మీ తాత ఆయనకీ చెప్పుంటాడు, మీ నాన్నకీ చెప్పుంటాడు, నీకూ చెప్పుంటాడు. ఒక్కటే అడుగుతా, అబద్ధం చెప్పకు. ఆయనకు తెలుసా?"

అవునంటే మా ఇంటి గుట్టు బయట పెట్టినట్టే, తాత తలమీద చెయ్యి వేసి చేసిన ప్రమాణం తప్పినట్టే. అడిగితే అబద్ధం చెప్పడం మా పద్ధతి, చెప్తే తప్పుపట్టేవాడు లేడు. మింగలేక కక్కలేక ఆవిడ చేతులవైపు చూశాను. తోలు ఊడినచోట ఇంకా మానలేదు.

"తెలుసు పెద్దమ్మా," అన్నాను. "అన్నీ అవే. ఒక్క ఆకు కూడా తేడా లేదు."

పెదనాన్న కూర్చునే చోటు మా ఇద్దరి మధ్యే ఉంది, నలభై ఏళ్ళు కూర్చుని కూర్చుని అక్కడ గడ్డి మొలవదు.

"నలభై ఒక్క ఏళ్ళు," అంది ఆ చోటువైపు చూస్తూ. "నా వాసన బట్టి తెలిసిపోయి ఉంటుంది ఆయనకి. నేనేం కూరుతున్నానో తెలిసీ వీపు తిప్పుకుని కూర్చున్నాడు, నా గుట్టు నాకు ఉండనీ అని. నేనేమో ఎక్కడ తొంగి చూస్తాడో అని దడి మీద దడి కట్టాను. జ్వరంతో ఉన్నప్పుడు కూడా, దిగి సాయం చెయ్యనా అంటే వద్దన్నాను." కట్టిన గుడ్డ అంచుతో ముక్కు గట్టిగా చీదుకుంది. "సన్నాసి. ఒక్క మాట అనుంటే ఇద్దరం కలిసి దిగేవాళ్ళం. ఇంకో గుంట తవ్వుకునేవాళ్ళం."

ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అందులో దాచేదేముంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, కర్ర కోసం చెయ్యి చాచి, నేను అందిస్తే పట్టుకుని లేచింది.

"ఆ మూల మొక్కకి పిలకలొచ్చాయి," అంది. "నాకు దిగడం చేతకాదు. నువ్వు దిగి తీసి ఇంటికొకటి ఇచ్చిరా. బకోవాకి రెండివ్వు."